పడుతున్న మార్కెట్‌లో ఫ్లాట్: ఇప్పుడే కొనాలా, కిరాయికే ఉండాలా, నల్లగొండలోనే జాగ చూసుకోవాలా?

సంక్రాంతికి మా మేనకోడలు, ఆమె భర్త నల్లగొండ వచ్చారు. వనస్థలిపురంలో కిరాయికి ఉంటారు. ఇద్దరివీ ప్రైవేటు ఉద్యోగాలు, పాప మూడో తరగతి. సకినాలు తింటూ అడిగింది: "మామా, ఫ్లాట్ల రేట్లు తగ్గుతున్నాయంటున్నారు. ఇప్పుడు తీసుకుందామా, ఇంకొన్నాళ్లు ఆగుదామా?" బ్యాంకులో ఇరవై రెండేళ్లు ఇంటి లోన్ల కాగితాలు చూసినవాణ్ణి, అయినా ఆ పూట జవాబు చెప్పలేకపోయాను. తర్వాత నాలుగు ఆదివారాలు వాళ్లతో కలిసి ఫ్లాట్లు తిరిగాను. రాత్రిళ్లు కూర్చుని లెక్కలు వేశాం. మిర్యాలగూడలో, జడ్చర్లలో, మహబూబ్‌నగర్‌లో కూడా చాలా ఇళ్లలో ఇదే చర్చ నడుస్తోంది. అందుకే మాకు తేలిన సంగతులు రాస్తున్నాను.

మనవాళ్లు ఎక్కడ వెతుకుతారో బస్సు రూటే చెప్తుంది. నల్లగొండ, సూర్యాపేట వైపు వాళ్లు హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీనగర్ చూస్తారు. పాలమూరు వాళ్లు శంషాబాద్, ఆరాంఘర్, అత్తాపూర్ చూస్తారు. ఊళ్లో అమ్మానాన్నలకు ఒంట్లో బాగోలేకపోతే రెండు గంటల్లో చేరుకోవాలి కదా. ఈ లెక్క సరైందే. ఫలానా చోట రేటు ఇంకా పడిందని ఎవరో చెప్పారని ఊరికి అవతలి మూలకు పోయి కొనకండి.

ముందు ఈ ఒక్క ప్రశ్న

అందరూ అడిగేది "ఇంకా ఎంత తగ్గుతుంది?" అని. దానికి జవాబు ఎవరి దగ్గరా ఉండదు. రేటు అడుగుకు తగిలిందని, అది మళ్లీ లేచాకే తెలుస్తుంది. మిమ్మల్ని మీరు అడగాల్సింది వేరే: కొన్న తర్వాత ఏడెనిమిదేళ్లు ఆ ఫ్లాట్‌ను అమ్మాల్సిన అవసరం రాకుండా ఉండగలరా?

ఇది నేను నా టేబుల్ దగ్గర చూసిన విషయం. 2008లో ప్రపంచమంతా మాంద్యం వచ్చింది. దాని వెనుకే 2009 డిసెంబర్ నుంచి తెలంగాణ విషయంలో అనిశ్చితి. హైదరాబాద్‌లో ఫ్లాట్ల రేట్లు కొన్నేళ్లపాటు కదలకుండా కూర్చున్నాయి. 2008లో కొని అందులోనే కాపురం పెట్టినవాళ్లు ఆ ఏళ్లను పెద్దగా పట్టించుకోలేదు. పిల్లలు పెరిగారు, కిస్తీలు కరిగాయి, 2014 తర్వాత రేట్లు మెల్లగా లేచాయి. అదే 2011లో ఉద్యోగం పోయో, అన్నదమ్ముల పంపకాలకో, ఆస్పత్రి ఖర్చుకో అమ్మాల్సి వచ్చినవాళ్లు మాత్రం కన్నీళ్లు పెట్టుకుని లోన్ క్లోజర్ లెటర్ తీసుకుపోయారు. ఇద్దరూ కొన్నది అదే ఏడాది, దాదాపు అదే రేటుకు.

ఇప్పుడు దీనికి ఇంకో చిక్కు తోడైంది. హైదరాబాద్‌లో ఫ్లాట్లు కొనేవాళ్లలో ఐటీ జీతాల మీద ఆధారపడ్డవాళ్లు ఎక్కువ. ఆ కంపెనీలు మనుషుల్ని తీసేస్తే కొనేవాళ్లు తగ్గుతారు, రేట్లు పడతాయి. అంటే రేటు పడే కాలమూ, మీ ఉద్యోగం ఊగే కాలమూ ఒకటే కావచ్చు. అందుకే కనీసం పన్నెండు నెలల కిస్తీ సొమ్ము చేతిలో పెట్టుకుని గానీ దిగవద్దని మా పిల్లలకు గట్టిగా చెప్పాను. డౌన్ పేమెంట్‌కు ఊడ్చిపెట్టి ఇచ్చేసి, మిగిలింది సున్నా అయితే ఆ ఇంట్లో నిద్ర పట్టదు.

60 లక్షల ఫ్లాట్ లెక్క

గుండ్రంగా 60 లక్షల ఫ్లాట్ అనుకుందాం. 30 లక్షలు దాటి 75 లక్షల దాకా ఉండే లోన్లకు రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఆస్తి విలువలో 80 శాతానికి మించి ఇవ్వరు. అంటే లోన్ 48 లక్షలు, మీ చేతి నుంచి 12 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చు తెలంగాణలో మొత్తం కలిపి 7.5 శాతం, అంటే 4.5 లక్షలు. దీన్ని లోన్‌లో కలపరు. కాబట్టి తాళం చేతికి రాకముందే 16.5 లక్షలు కావాలి. కప్‌బోర్డులు, చిన్నాచితకా రిపేర్లు వేరే.

48 లక్షలకు 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే కిస్తీ సుమారు 41,650. మొదటి ఏడాది మీరు కట్టే 5 లక్షల్లో 4 లక్షలకు పైగా వడ్డీకే పోతుంది. అసలు తగ్గేది లక్ష కూడా కాదు. అదే ఫ్లాట్‌కు కిరాయి 18 వేలు అనుకుందాం, ఏడాదికి 2.16 లక్షలు.

ఏడాది ఆగితే ఏమవుతుంది? కొన్నవాళ్లకు వడ్డీ 4 లక్షలు, మెయింటెనెన్స్ ఓ 30 వేలు. పైగా ఆ 16.5 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటే వచ్చే లక్ష రూపాయలు కూడా పోయినట్టే. మొత్తం 5.4 లక్షల దాకా. కిరాయివాళ్లకు 2.16 లక్షలే. తేడా మూడు లక్షల పైచిలుకు. అంటే ఫ్లాట్ రేటు ఏడాదికి ఐదు శాతానికి పైగా పెరిగితేనే కొన్నవాళ్లు కిరాయివాళ్లతో సమానమవుతారు. పెరగకుండా నిలబడినా ఆగినవాళ్లదే లాభం. ఐదు శాతం తగ్గిందంటే ఇంకో మూడు లక్షలు కలిసొచ్చినట్టు. రేట్లు పరుగెత్తే కాలంలో "కిరాయి కట్టడం దండగ" అన్న మాటలో కొంత నిజం ఉంటుంది. పడే కాలంలో ఆ మాట నమ్మి తొందరపడకండి.

ఇక మధ్యలో అమ్మాల్సి వస్తే? మూడేళ్లకు ఫ్లాట్ 15 శాతం పడి 51 లక్షలకు పోయిందనుకోండి. అప్పటికి మీరు 15 లక్షల కిస్తీలు కట్టి ఉంటారు. లోన్ ఇంకా దాదాపు 45 లక్షలు మిగిలే ఉంటుంది. బ్యాంకుకు కట్టేస్తే చేతిలో మిగిలేది ఆరు లక్షలు. అందులోంచే బ్రోకర్ కమీషన్. మొదట పెట్టింది 16.5 లక్షలని గుర్తుపెట్టుకోండి. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించినప్పుడు మా అల్లుడు చాలాసేపు ఏం మాట్లాడలేదు.

కిరాయికే ఉండటం

ఉద్యోగం ఇంకా స్థిరపడనివాళ్లకు, రెండు మూడేళ్లలో వేరే ఊరు పోయే అవకాశం ఉన్నవాళ్లకు ఇదే మంచిది. ఒక్క షరతు. కిస్తీకి, కిరాయికి మధ్య మిగిలే ఇరవై మూడు వేల పైన సొమ్మును ప్రతి నెలా నిజంగా పక్కన పెట్టాలి. జీతం పడిన రోజే రికరింగ్ డిపాజిట్‌కు వెళ్లేలా చేసుకోండి. అలా ఏడాది పాటు చేయగలిగితే రేపు కిస్తీ కట్టే శక్తి మీకుందని కూడా తేలుతుంది. చేయలేకపోతే అది ఇంకా ముందే తెలుసుకోవడం మంచిది.

రెడీ ఫ్లాట్, అందులోనూ రీసేల్

కొనాలని తేల్చుకున్నవాళ్లకు నేను చెప్పేది ఇదే. పడే మార్కెట్‌లో అసలు రేటు రీసేల్‌లోనే బయటపడుతుంది. బిల్డర్ బోర్డు మీద రేటు అంత తొందరగా తగ్గించడు. తగ్గిస్తే ముందు కొన్నవాళ్లు వచ్చి గల్లా పట్టుకుంటారు. దాని బదులు రిజిస్ట్రేషన్ ఉచితం, కారు పార్కింగ్ ఉచితం, మాడ్యులర్ కిచెన్ ఉచితం అంటాడు. ఆ ఉచితాలన్నీ లెక్కగట్టి ధరలోంచి తీసేస్తే తెలుస్తుంది అతను ఎంత దిగాడో. రీసేల్‌లో అమ్మే మనిషికి అవసరం ఉంటుంది, ఎదురుగా కూర్చుని మాట్లాడవచ్చు. పైగా జీఎస్టీ ఉండదు.

మూడో ఆదివారం చూసిన ఫ్లాట్ గురించి చెప్తాను. ఎల్బీనగర్ మెట్రో స్టేషన్‌కు ఆటోలో పది నిమిషాలు. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు, తూర్పు ముఖం, 1,150 చదరపు అడుగులు. ఓనర్ గారు రిటైరయ్యారు, కూతురు అమెరికాలో. 63 లక్షలు చెప్పారు. లోపలికి వెళ్లగానే ఫినాయిల్ వాసన, ఆ రోజే కడిగించినట్టున్నారు. బాల్కనీ తలుపు చెక్క ఉబ్బి, మా అల్లుడు భుజంతో నెడితే గానీ తెరుచుకోలేదు. వంటగదిలో నల్లా తిప్పితే ముందు తుప్పు రంగు నీళ్లు వచ్చాయి, కాసేపటికి తేటబడ్డాయి. మేనకోడలు సింక్ కింద వంగి ఫోన్ లైటు వేసి చూస్తే గోడ మీద చెయ్యంత వెడల్పున చెమ్మ మరక. బాత్రూమ్ అటువైపే ఉంది.

కిందికి దిగాక వాచ్‌మన్ భార్యతో మాట కలిపాను. వాళ్లది దేవరకొండ దగ్గర తండా. "ఏడు నెలల సంది ఖాళీనే ఉంది సార్, నెలకు ఇద్దరు ముగ్గురు వచ్చి చూసిపోతరు" అంది. పోయిన ఎండాకాలం బోరు ఎండిపోయి రోజుకు రెండు ట్యాంకర్లు తెప్పించారట. ఈ రెండు మాటలు బ్రోకర్ చెప్పడు. ఏ ఫ్లాట్ చూసినా వాచ్‌మన్‌తో, కింద కిరాణా కొట్టు ఆయనతో పది నిమిషాలు మాట్లాడకుండా వెనక్కి రాకండి. నీళ్ల గురించి ఎండాకాలం సంగతి అడగండి. కృష్ణా నీళ్లు మన నల్లగొండ జిల్లా అక్కంపల్లి రిజర్వాయర్ నుంచి, కోదండాపూర్‌లో శుద్ధి అయి సిటీకి పోతాయి. ఆ పైపు కనెక్షన్ ఈ అపార్ట్‌మెంట్‌కు ఉందా, బోరు మీదే నడుస్తోందా అన్నది నెల ఖర్చును మార్చేస్తుంది.

వీలైతే వాన పడ్డ మర్నాడు ఒకసారి పోయి చూడండి. 2020 అక్టోబర్ వానలకు సరూర్‌నగర్, హయత్‌నగర్ వైపు కాలనీలు ఎలా మునిగాయో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు) ఎంత దూరమో హెచ్ఎండీఏ మ్యాపుల్లో చూడండి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు బఫర్ వదలాలి. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఇది తమాషా విషయం కాదు.

ఇంకొకటి, యూడీఎస్. అంటే ఆ భూమిలో మీ పేరున వచ్చే గజాలు. 2006 భవన నిబంధనలు హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐకి, అంటే ఎంత జాగలో ఎంత కట్టొచ్చన్న లెక్కకు, హద్దు తీసేశాయి. రోడ్డు వెడల్పును బట్టి, చుట్టూ వదిలే ఖాళీని బట్టి ఎంత ఎత్తయినా కట్టుకుంటూ పోయారు. పాత ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో 1,200 అడుగుల ఫ్లాట్‌కు నలభై యాభై గజాలు వచ్చే చోట, నలభై అంతస్తుల టవర్‌లో పాతిక గజాలు కూడా రాకపోవచ్చు. గోడలు పాతబడే కొద్దీ విలువ తగ్గుతుంది, నిలబడేది భూమే. రేట్లు పడుతున్నప్పుడు పక్కన ఇంకో వెయ్యి ఫ్లాట్లు ఖాళీగా ఉన్న టవర్ కంటే, ఎక్కువ గజాలు వచ్చే చిన్న అపార్ట్‌మెంట్‌నే నేను ఎంచుకుంటాను. స్విమ్మింగ్ పూల్ ఉండదు, పర్వాలేదు.

కడుతున్న ఫ్లాట్

పడే మార్కెట్‌లో నాకు అన్నిటికంటే భయం దీని మీదే. బిల్డర్ కట్టేది చాలావరకు కొన్నవాళ్ల వాయిదాలతోనే. అమ్మకాలు ఆగితే పైసలు ఆగుతాయి, పని ఆగుతుంది. మీరు మాత్రం అటు కిరాయి, ఇటు బ్యాంకు వడ్డీ రెండూ కడుతుంటారు. పైగా 5 శాతం జీఎస్టీ, 60 లక్షల మీద 3 లక్షలు. మూడేళ్లకు తాళం వచ్చే నాటికి పక్క రెడీ ఫ్లాట్ మీ కంటే తక్కువకు దొరికినా ఆశ్చర్యం లేదు.

అయినా తీసుకోవాలంటే రెరా (బిల్డర్ల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉన్నదే చూడండి. 500 చదరపు మీటర్లు దాటిన జాగలో ఎనిమిది కంటే ఎక్కువ ఫ్లాట్లు కడితే ఆ నంబరు ఉండి తీరాలి. కొన్నవాళ్ల నుంచి వచ్చిన దాంట్లో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే వేరే ఖాతాలో ఉంచాలి. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. ఇవి 2016 రెరా చట్టంలో ఉన్న హక్కులు, బిల్డర్ దయ కాదు. స్లాబులు పడ్డాయా, పని రోజూ నడుస్తోందా కళ్లతో చూడండి.

ప్రీలాంచ్, అంటే అనుమతులు రాకముందే అమ్మే ఫ్లాట్ల జోలికి మాత్రం అస్సలు పోకండి. మొత్తం డబ్బు ముందే కడితే సగం రేటు అని ఒక కంపెనీ చెబితే మా బావమరిది 2021లో 18 లక్షలు కట్టాడు. జాగ వాళ్ల పేరు మీదే లేదని తర్వాత తెలిసింది. ఆ సొమ్ము ఇప్పటికీ రాలేదు. అందులో ఆరు లక్షలు మా అత్తగారి బంగారం అమ్మిన డబ్బు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఊళ్లోనే జాగ, లేదా ఊళ్లో భూమి అమ్మి ఫ్లాట్

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో 200 గజాలు కొని ఇల్లు కట్టుకోవడం, రిటైరయ్యాక వచ్చి ఉండేవాళ్లకు చక్కని పని. రెండు చోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి, సిటీకి పరుగెత్తాల్సిన అవసరం కొంత తగ్గింది. కానీ సిటీ ఫ్లాట్‌కు బదులుగా, పెరుగుతుందన్న ఆశతో మాత్రమే హైవే పక్క వెంచర్లో ప్లాటు కొంటే సంగతి వేరు. పడే కాలంలో ఫ్లాట్ తక్కువకైనా పోతుంది, కిరాయి అయినా వస్తుంది. వెంచర్ ప్లాటుకు అడిగేవాడే ఉండడు. లేఔట్ అనుమతి లేని వాటిని, వ్యవసాయ భూమిని గుంటల లెక్కన కోసి అమ్మేవాటిని పూర్తిగా వదిలేయండి.

ఇక భూమి అమ్మి ఫ్లాట్ కొనే విషయం. మా చిన్నాయన కొడుకుది నకిరేకల్ దగ్గర ఊరు. ఎకరం బత్తాయి తోట అమ్మి హయత్‌నగర్‌లో కొడుక్కి ఫ్లాట్ తీసుకుందామనుకున్నాడు. ఫ్లాట్ రేటు తగ్గింది కదా అని సంతోషపడి ఐదు లక్షలు బయానా ఇచ్చి, మూడు నెలల గడువు పెట్టుకున్నాడు. ఫ్లాట్ రేటు పడినప్పుడు భూమి రేటు కూడా పడి ఉంటుందని, కొనేవాడు దొరకడానికే ఆరు నెలలు పడుతుందని అప్పుడు ఎవరికీ తట్టలేదు. వచ్చినవాళ్లు ఇతని గడువు సంగతి పసిగట్టి, వారం వారం ధర దించారు. తోట మిగిలింది, బయానా పోయింది. ఒకవేళ అమ్మాలనే ఉంటే భూమి డబ్బు మొత్తం బ్యాంకులో పడ్డాకే ఫ్లాట్ వెతకడం మొదలుపెట్టండి. నన్నడిగితే, అమ్మానాన్నలు ఆ భూమి మీద బతుకుతున్నంత కాలం దాని జోలికే పోవద్దు.

బేరం, కాగితాలు

బేరానికి తొందర లేని మనిషిదే పైచేయి. అదే వీధిలో ఈ మధ్య నిజంగా అమ్ముడైన మూడు ఫ్లాట్ల ధరలు కనుక్కోండి. చెప్పిన ధరలు వద్దు, అమ్ముడైన ధరలు కావాలి. చెమ్మకు, ఖాళీగా ఉన్న నెలలకు, పార్కింగ్‌కు విడివిడిగా తగ్గించమని అడగండి. లోన్ మంజూరు లెటర్ చేతిలో పెట్టుకుని మాట్లాడితే ఓనర్ మెత్తబడతాడు. బయానా చిన్నదిగా ఇవ్వండి. లోన్ రాకపోయినా, కాగితాల్లో లోపం దొరికినా బయానా వాపసు ఇవ్వాలని రాతలో పెట్టించుకోండి. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే ఓనర్‌కు ఇచ్చే సొమ్ములోంచి ఒక శాతం టీడీఎస్ (ఆదాయపు పన్ను) పట్టుకుని మీరే ప్రభుత్వానికి కట్టాలి.

కాగితాల్లో లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు), ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాల చిట్టా), అనుమతి ప్లాను, ఓసీ (కట్టడంలో ఉండొచ్చని మున్సిపాలిటీ ఇచ్చే పత్రం) చూడండి. ప్లానులో ఎన్ని అంతస్తులు ఉన్నాయో, బయట ఎన్ని కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి. అనుమతి ఇచ్చేటప్పుడు మున్సిపాలిటీ పది శాతం కట్టడాన్ని తనఖా పెట్టించుకుంటుంది. ఓసీ తీసుకోకపోతే ఆ తనఖా విడవదు. మీరు కొనేది ఆ భాగంలోనే ఉందేమో చూసుకోండి. బ్యాంకు లీగల్ ఒపీనియన్ వచ్చింది కదా అని ఊరుకోకుండా, రెండు మూడు వేలు పోయినా సొంతంగా వకీలుకు చూపించండి. బ్యాంకు చూసేది తన అప్పు భద్రంగా ఉందా అని మాత్రమే. అక్కడ పనిచేసిన మనిషిగా చెప్తున్నాను.

మా పిల్లలు ఆ ఎల్బీనగర్ ఫ్లాట్‌కు 54 చెప్పి వచ్చారు. పది రోజుల తర్వాత ఓనర్ ఫోన్ చేసి 60 అన్నారు, మొన్న 57 అన్నారు. పాప స్కూలు దగ్గర, మెట్రో దగ్గర, పదేళ్లు అక్కడే ఉంటామని ఇద్దరూ అంటున్నారు. కాగితాలు వకీలు దగ్గర ఉన్నాయి, చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో చూడటానికి ఈ ఆదివారం ప్లంబర్‌ను తీసుకుపోతున్నాం. కిరాయి అగ్రిమెంట్ జూన్ దాకా ఉంది. అందుకే వాళ్లు ఇంకా 54 దగ్గరే ఉన్నారు.